రెండు నదుల నడుమ కొండముచ్చు

అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి వైపు పుట్టి పెరిగినవాళ్లకు కొండముచ్చును పరిచయం చెయ్యనక్కర్లేదు. నల్లటి మొహం, బూడిద కలిసిన లేతరంగు బొచ్చు, ఒంటికన్నా పొడుగైన తోక. ఇప్పచెట్టు పూతకొచ్చినప్పుడు కొమ్మల్లో, జీడిమామిడి తోటల అంచున, వాగు గట్ల మీద మందలు మందలుగా కనిపిస్తుంది. కోతిలాగా చేతిలోది లాక్కుపోయే రకం కాదని దానికి ఊళ్లలో కొంత మర్యాద కూడా ఉంది. భద్రాచలం రాముడి నేల కాబట్టి హనుమంతుడి వరసని చెప్పి పండో ఫలమో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇంతగా తెలిసిన జంతువు ఏ జాతిది అన్న ప్రశ్న మీద మాత్రం ప్రాణిశాస్త్రంలో రెండు వందల ఏళ్లకు పైగా తగువు నడుస్తోంది. ఆ తగువులో పండితులు గీసిన గీతల్లో ఒకటి ఉత్తరాన గోదావరి వెంట పోతుంది, ఇంకొకటి దక్షిణాన కృష్ణ వెంట పోతుంది. అశ్వారావుపేట ఆ రెంటి నడుమ ఉంది.

అసలు కథ 1797లో మొదలైంది. బెంగాల్ నుంచి పారిస్ చేరిన ఒక నమూనాను చూసి డుఫ్రెన్ అనే ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు దానికి ఎంటెల్లస్ అని పేరు పెట్టాడు. రోమన్ మహాకవి వర్జిల్ కావ్యంలో ముష్టియుద్ధం చేసే ఒక వృద్ధ వీరుడి పేరది. ఆ దారిలోనే 1840లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ తన దగ్గరికి వచ్చిన తోళ్లలో కొన్నిటికి ట్రాయ్ యుద్ధగాథల్లోని పేర్లు పెట్టాడు. దక్షిణాది కొండముచ్చు ఆయన చేతిలో 1844లో ప్రియామ్ అయింది. హిమాలయాల్లో ఉండే బరువైన బొచ్చు కొండముచ్చుకు అంతకుముందే, 1840లో, నేపాల్‌లో పనిచేసిన బ్రయాన్ హాడ్జ్‌సన్ షిస్టేసియస్ అని పేరు పెట్టి ఉన్నాడు. ఇలా ఒకే ఉపఖండంలోని కొండముచ్చుకు పేర్లు గుంపుగా తయారయ్యాయి. ఒకరికి తోలు రంగు ఆధారం, ఇంకొకరికి చేతుల నలుపు ఆధారం, మరొకరికి పుర్రె కొలత ఆధారం.

తర్వాతి తరం ఆ పేర్లన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చింది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రెజినాల్డ్ పోకాక్ 1939లో భారత ఉపఖండ క్షీరదాల మీద రాసిన ప్రామాణిక గ్రంథంలో హనుమాన్ కొండముచ్చు ఒక్కటే జాతి అన్నాడు. హిమాలయం నుంచి సింహళం దాకా కనిపించే తేడాలన్నీ ఉపజాతుల తేడాలేనని లెక్కగట్టాడు. నేను చదువుకున్న రోజుల్లో బడి పుస్తకాల్లోనూ, జూలో బోనుల మీది పలకల మీదా ఉన్నది ఆ మాటే. భారతదేశంలో కొండముచ్చు అంటే ఒకటే జాతి, శాస్త్రీయ నామం కూడా ఒకటే.

పోకాక్ చేసింది తప్పని కొట్టిపారెయ్యడానికి లేదు. ఆయన ముందున్నవి ఎండిన తోళ్లు, పుర్రెలు. బొచ్చు రంగు వయసును బట్టి, ఎండావానలను బట్టి మారుతుంది. ఒకే మందలో లేతగా ఉన్నవీ ముదురుగా ఉన్నవీ కలిసి తిరుగుతాయి. పెట్టెలో చుట్టిపెట్టిన తోలు ఇంకో పెద్ద సంగతిని దాచేస్తుంది. బతికున్న కొండముచ్చు నేలమీద నడిచేటప్పుడు తోకను ఎలా పట్టుకుంటుందో తోలును చూసి ఎవరూ చెప్పలేరు.

ఆ సంగతిని పట్టుకున్నవాడు మిఠన్‌లాల్ రూన్‌వాల్. జోధ్‌పూర్ ప్రాంతపువాడు, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతిగా పనిచేసినవాడు. 1970ల చివర, 1980ల్లో ఆయన దేశంలో ఒక్కోచోటా కొండముచ్చు తోక తీరును గమనిస్తూ వచ్చాడు. ఉత్తరాది కొండముచ్చు నాలుగు కాళ్ల మీద నడిచేటప్పుడు తోక మొదట్నుంచి పైకి లేచి, వీపు మీదుగా ముందుకు వంగుతుంది. కొస తలవైపు చూస్తుంది. దక్షిణాది కొండముచ్చుదీ పైకే లేస్తుంది, కానీ వెనక్కి వంగుతుంది, కొస తలకు దూరంగా వెనకవైపే వేలాడుతుంది. ఈ రెండు తీర్లను పటం మీద గుర్తుపెడితే మధ్యలో ఒక సరిహద్దు తేలింది. పడమట తపతి నది, తూర్పున గోదావరి. ఆ గీతకు పైన ముందుకు వంగే తోక, కింద వెనక్కి వంగే తోక.

ఇది చాలా చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకైతే ఈ మొత్తం కథలో ఇంతకన్నా అందమైన పరిశీలన లేదు. తుపాకీ, సూది, ప్రయోగశాల ఏవీ అక్కర్లేదు. తోక అలా నిలవాలంటే తోక మొదట్లోని కండరాలు, వెన్నుపూసలు దానికి తగ్గట్టు ఉండాలి. నేర్చుకున్న అలవాటైతే పక్క మందను చూసి మారిపోతుంది, లేదా మధ్య ప్రాంతాల్లో రెండు తీర్లూ కలగాపులగంగా కనిపిస్తాయి. దేశం పొడవునా మందల్లో ఒక తీరు ఉత్తరానికీ ఒక తీరు దక్షిణానికీ పరిమితమైందంటే లోపల వేరు ఏదో ఉండాలి. అయినా రూన్‌వాల్ కొండముచ్చును ముక్కలు చెయ్యలేదు. తోక తీరును ఒకే జాతిలోని భేదంగానే చూశాడు.

విడదీసింది కాలిన్ గ్రోవ్స్. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈ పండితుడు 2001లో వానరజాతుల వర్గీకరణ మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. అందులో హనుమాన్ కొండముచ్చు ఏడు జాతులైంది. హిమాలయాల్లో మూడు: షిస్టేసియస్, అజాక్స్, హెక్టర్. మైదానాల్లో ఎంటెల్లస్. పడమటి వైపు హైపోల్యూకస్, దుస్సుమిరీ. ఆగ్నేయ భారతంలోనూ లంకలోనూ ప్రియామ్. ప్రియామ్‌ను గుర్తుపట్టే ఆనవాలు నడినెత్తిన కుచ్చులా లేచే జుట్టు. ఎంటెల్లస్‌కు ఆ కుచ్చు ఉండదు, చేతులూ పాదాలూ నల్లగా ఉంటాయి. ప్రియామ్‌కు ఆ నలుపు తక్కువ.

గ్రోవ్స్ చేతిలో ఏడైనవి పోకాక్ చేతిలో ఒకటెందుకయ్యాయి? ఇద్దరూ చూసిన ఆధారాల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా జాతి అంటే ఏమిటన్న నిర్వచనంలో ఉంది. ఎర్నెస్ట్ మేయర్ 1942లో స్థిరపరిచిన నిర్వచనం ప్రకారం సహజ పరిస్థితుల్లో తమలో తాము కలిసి పిల్లల్ని కని, ఇతర గుంపులతో కలవనివి ఒక జాతి. ఇందులో కీలకం కలయిక. రెండు గుంపులు ఎదురుపడినప్పుడు కలిసిపోతే ఒకే జాతి, కలవకపోతే వేరు జాతులు. గ్రోవ్స్ ఒప్పుకున్న నిర్వచనం వేరు. ఒక గుంపును మిగతావాటి నుంచి ఎప్పుడూ తప్పకుండా వేరుచేసే లక్షణం, తరతరాలుగా అందుతున్నది, ఒకటి దొరికితే చాలు, అది వేరే జాతి. కలుస్తాయా లేదా అన్నది రెండో ప్రశ్న. మొదటి నిర్వచనం పట్టుకుంటే జాతులు తగ్గుతాయి, రెండోది పట్టుకుంటే పెరుగుతాయి.

మన అడవుల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. కుందేలంత ఉండే మూషిక జింక. తెలుగులో కురుపంది అని కూడా రికార్డయిన ఆ ప్రాణి భారతదేశంలోనూ శ్రీలంకలోనూ ఒకే జాతి అనుకునేవాళ్లు. 2005లో గ్రోవ్స్, ఎరిక్ మైయార్డ్ కలిసి దాన్ని మూడు చేశారు, మనది ఇండికా అయింది. హైదరాబాద్ నెహ్రూ జూలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) తోడ్పాటుతో పెంచి, నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలింది ఈ ఇండికానే. అక్కడ మధ్యలో సముద్రం ఉంది కాబట్టి పెద్దగా ఎవరికీ అభ్యంతరం రాలేదు. కొండముచ్చు విషయంలో మధ్యలో సముద్రం లేదు. ఈ అడవి నుంచి ఆ అడవికి, ఈ తోట నుంచి ఆ తోటకు వరసగా మందలున్నాయి. గీత ఎక్కడ గియ్యాలన్నది అందుకే కష్టం.

ఈ తగువులోకి హైదరాబాద్ దిగింది. అదే సీసీఎంబీకి అధిపతిగా పనిచేసిన లాల్జీ సింగ్, తర్వాత బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశోధన సాగించిన ప్రవీణ్ కారంత్, అమెరికాలోని కారో-బెత్ స్టూవర్ట్ కలిసి దక్షిణాసియా కొండముచ్చుల డీఎన్ఏను చదివారు. స్టూవర్ట్‌కు ఈ జంతువుతో పాత పరిచయం ఉంది. ఆకులు తిని బతికే కొండముచ్చుకు పొట్ట గదులు గదులుగా ఉండి, అందులో సూక్ష్మజీవులు ఆకును పులియబెడతాయి. ఆవు నెమరువేస్తూ చేసే పనీ దాదాపు అదే. ఆ సూక్ష్మజీవులను కరిగించి అరిగించుకోవడానికి లైసోజైమ్ అనే ఎంజైమ్ కావాలి. దగ్గరి చుట్టరికం లేని ఆవులోనూ కొండముచ్చులోనూ ఆ ఎంజైమ్ ఒకే తీరుగా మారిందని 1987లో నేచర్ పత్రికలో చూపించింది స్టూవర్ట్ బృందమే. తునికాకూ మద్దాకూ మనం నమిలితే జీర్ణం కావు. కొండముచ్చు మాత్రం వాటితో కూడా కడుపు నింపుకోగలదు. దాని బతుకంతా ఈ పొట్ట మీదే నిలబడి ఉంది.

2008లో వచ్చిన వాళ్ల పరిశోధన ఒక పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. పశ్చిమ కనుమల వానాడవుల్లో, షోలా అడవుల్లో నల్లటి ఒంటితో, బంగారు గోధుమ రంగు తలతో ఉండే నీలగిరి కొండముచ్చు ఉంది. శ్రీలంక తడి అడవుల్లో ఊదారంగు మొహం కొండముచ్చు ఉంది. ఈ రెంటినీ ఆగ్నేయాసియా ఆకుతిండి కోతుల ప్రజాతిలో కలిపేవాళ్లు. డీఎన్ఏ అలా చెప్పలేదు. ఇవి మన హనుమాన్ కొండముచ్చుకే దగ్గరి చుట్టాలు. దాంతో ఇవి కూడా హనుమాన్ కొండముచ్చు ఉన్న సెమ్నోపిథెకస్ ప్రజాతిలోకి వచ్చి చేరాయి.

దానికి కొనసాగింపుగా 2010లో వచ్చిన ఫలితం మరింత చిక్కు తెచ్చింది. మైటోకాండ్రియా డీఎన్ఏతో వంశవృక్షం గీస్తే హనుమాన్ కొండముచ్చులన్నీ ఒకే కొమ్మ మీద రాలేదు. దక్షిణాది హనుమాన్ కొండముచ్చు తన ఉత్తరాది సోదరుడి పక్కన కాక, వానాడవిలోని నల్లటి నీలగిరి కొండముచ్చు పక్కన నిలబడింది. హనుమాన్ కొండముచ్చు అంతా ఒకే జాతి అంటే, నీలగిరిదీ లంకదీ కూడా ఆ జాతిలోనే కలపాలి. చూపులకు అంత తేడాగా ఉన్నవాటిని కలపడానికి ఎవరూ సిద్ధంగా లేరు. కాబట్టి హనుమాన్ కొండముచ్చును తాత్కాలికంగా మూడు జాతులుగా విడదీద్దామని వాళ్లు ప్రతిపాదించారు.

తాత్కాలికంగా అన్న మాటకు కారణం ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. తండ్రి నుంచి రాదు. కొండముచ్చు మందలో ఆడవి పుట్టిన మందలోనే ఉండిపోతాయి. మగవి ఎదిగాక బయటికి వెళ్లగొట్టబడతాయి. కొన్నేళ్లు మగ గుంపులుగా తిరిగి, ఇంకో మందను ఆక్రమించే ప్రయత్నం చేస్తాయి. అంటే తల్లుల జన్యువు ఒకే చోట వేరుపాతుకుని ఉంటుంది, తండ్రుల జన్యువు అడవులు దాటి ప్రయాణిస్తుంది. అందుకే తల్లివైపు వంశవృక్షంలో సరిహద్దులు పదునుగా కనిపిస్తాయి. కణకేంద్రకంలోని డీఎన్ఏను చూస్తే అవే సరిహద్దులు చెరిగిపోయి ఉండవచ్చు. కేంద్రకంలోని ప్రోటమైన్ జన్యువును చూసినప్పుడు అదే జరిగింది. హనుమాన్ కొండముచ్చుకూ నీలగిరి, లంక కొండముచ్చులకూ ఆ జన్యువు రూపాలు ఉమ్మడిగా ఉన్నాయి. ఇదివరకెప్పుడో కలిసిపోయిన రక్తం కావచ్చు, ఒకే ముత్తాత నుంచి విడిపోకముందే అందినది కావచ్చు. నీలగిరి కొండముచ్చు, హనుమాన్ కొండముచ్చు పక్కపక్కన బతికే చోట్ల సంకర సంతానం కనిపించినట్టు పశ్చిమ కనుమల నుంచి నమోదులు కూడా ఉన్నాయి.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. ఒక్క జన్యువు మీద ఆధారపడి జాతిని విడదీయడం తల్లివైపు సాక్ష్యం మాత్రమే విని తీర్పు చెప్పడం. ఆ పరిశోధకులు తుది తీర్పు చెప్పకుండా తాత్కాలికం అన్న మాట దగ్గర ఆగినందుకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

తర్వాతి అడుగు అడవిలోనే పడింది. చేతన్ నాగ్, పి. ప్రమోద్, కారంత్ దక్షిణ భారతంలో తిరిగి బతికున్న కొండముచ్చుల రంగు, కుచ్చు, తోక తీరు అన్నీ పరిశీలించి 2011లో ప్రచురించారు. ద్వీపకల్పంలో మూడు జాతులున్నాయన్నారు: ఎంటెల్లస్, హైపోల్యూకస్, ప్రియామ్. గ్రోవ్స్ చెప్పిన దుస్సుమిరీ వాళ్ల పటంలో మిగల్లేదు. 2014లో ఆవరణాన్ని ఆధారం చేసుకున్నారు. దక్షిణాది కొండముచ్చులు కనిపించిన 196 చోట్ల వానను, వేడిని, చెట్ల తీరును, నీటిని కంప్యూటర్ నమూనాలో పెట్టి, ఒక్కో రకం ఎలాంటి నేలను ఎంచుకుంటుందో లెక్క వేశారు. ఉపజాతులతో కలిపి చూసిన ఎనిమిది రకాలకు ఎనిమిది వేరు వేరు ఆవరణ హద్దులు తేలాయి. తోక చెప్పినదాన్నీ, డీఎన్ఏ చెప్పినదాన్నీ వాతావరణం కూడా సమర్థించింది.

హిమాలయంలో మాత్రం కథ వెనక్కి తిరిగింది. కునాల్ అరేకర్, సత్యకుమార్, కారంత్ 2021లో ప్రచురించిన అధ్యయనంలో హిమాలయ కొండముచ్చు మైదానపు కొండముచ్చుకు వేరైన జాతేనని తేల్చారు. కానీ గ్రోవ్స్ అక్కడ చూపించిన మూడు జాతుల మధ్య విభజన నిలవలేదు, మూడూ షిస్టేసియస్ అనే ఒక్కటిగా కలిసిపోయాయి. కాబట్టి డీఎన్ఏ వచ్చిందంటే జాతులు పెరుగుతూనే పోతాయని అనుకోనక్కర్లేదు. ఒకచోట విడదీస్తుంది, ఇంకోచోట కలుపుతుంది.

ఇప్పుడు మళ్లీ గోదావరి దగ్గరికి వద్దాం. నది నిజంగా కొండముచ్చును ఆపుతుందా? పాపికొండల దగ్గర గోదావరి కొండల నడుమ ఇరుక్కుని లోతుగా పారుతుంది, అక్కడ ఏ కొండముచ్చూ దాటదు. భద్రాచలం దగ్గర వేసవిలో ఇసుక తిన్నెలు బయటపడి పాయలు మిగులుతాయి. ఇంకా పైకి, నాసిక్ జిల్లాలో పుట్టిన చోటికి వెళ్తే అది చిన్న వాగు. అక్కడ గోదావరి ఒక అడ్డమే కాదు. నది ఒక్కటే జాతుల్ని విడదీసి ఉంటే, ఆ పైనున్న సన్నటి చోటు నుంచి ఈపాటికి రెండు గుంపులూ కలిసిపోయి ఉండాలి. నది పక్కన ఇంకేదో ఉంది. వాన, ఎండ, అడవి తీరు, ఆకు తిండి దొరికే కాలం. నదిని మనం పటం మీద సులువుగా చూడగలం కాబట్టి గీత దాని మీద గీస్తాం. అసలు హద్దు దానికి ఇటో అటో వెడల్పుగా పరుచుకుని ఉంటుంది.

కొన్ని పుస్తకాలు ఎంటెల్లస్ నివాసాన్ని గోదావరి, కృష్ణ నదులకు ఉత్తరాన అని వర్ణించడం అందువల్లే. హద్దు గోదావరి అని తోక చెబితే, కృష్ణ అని ఆ పుస్తకాలు చెబుతాయి. ఆ రెండు మాటలకూ మధ్య మిగిలే నేలలో ఖమ్మం, కొత్తగూడెం, అశ్వారావుపేట, సరిహద్దు దాటితే జీలుగుమిల్లి, బుట్టాయగూడెం, జంగారెడ్డిగూడెం ఉన్నాయి. మేయర్ నిర్వచనాన్ని గౌరవించేవాళ్లకు ఇంతకన్నా విలువైన చోటు లేదు. బెంగాల్ కొండముచ్చునూ తమిళనాడు కొండముచ్చునూ పక్కపక్కన పెట్టి తేడా చూపించడం సులభం. రెండూ ఎదురుపడే చోట ఏం జరుగుతుందన్నదే అసలు పరీక్ష. కలిసి పిల్లల్ని కంటే ఆ పిల్లల తోక ఎటు వంగుతుంది, నెత్తి మీద కుచ్చు ఉంటుందా, ఆ పిల్లలు పెద్దయ్యాక మందలో నిలబడతాయా? జాతి ప్రశ్న తేలేది ఇక్కడే. రెండు కొసల మ్యూజియంలలో తేలదు.

ఇవే నదుల మీద ఇంకో వానరం కథ కూడా నడిచింది. మొహం ఎర్రబడే ఉత్తరాది రీసస్ కోతికీ, నెత్తి మీద జుట్టు టోపీలా పరుచుకునే దక్షిణాది బానెట్ కోతికీ సరిహద్దు పడమట తపతి, తూర్పున గోదావరీ కృష్ణల ప్రాంతం అని పాత పుస్తకాలు రాశాయి. రామ్ కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా 2011లో ప్రచురించిన అధ్యయనంలో రీసస్ కోతి ఆ హద్దు దాటి దక్షిణానికి చొచ్చుకొస్తోందని, బానెట్ కోతి వెనక్కి తగ్గుతోందని చూపించారు. కోతి తనంతట తానే రావడం ఒకటైతే, ఒక ఊళ్లో పట్టి బండికెక్కించి ఇంకో ఊరి అడవిలో వదలడం ఇంకోటి. హద్దును మనుషుల చేతులే జరుపుతున్నాయి.

కొండముచ్చుకూ ఇదే ముప్పు వచ్చింది. కోతుల బెడద భరించలేని ఊళ్లు, కొండముచ్చును చూస్తే కోతులు పారిపోతాయన్న నమ్మకంతో దాన్ని ఎక్కణ్ణుంచో తెప్పించి, నడుముకు తాడు కట్టి తిప్పే పద్ధతి తెలంగాణలో చాలాచోట్ల కనిపించింది. రైతు బాధ నాకు అర్థమవుతుంది. మొక్కజొన్న కంకి నోటికందే వేళకు కోతుల గుంపు దిగితే చేనంతా పోతుంది. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొండముచ్చును పట్టడం, కట్టేసి ఉంచడం నేరం. ఢిల్లీలోనూ ఇలాగే కొండముచ్చులను కాపలా పెట్టేవాళ్లు. చట్టం అడ్డొచ్చాక వాటిని మాన్పించి కొండముచ్చులా అరిచే మనుషులను పెట్టుకున్నారు. అలా 40 మందిని పెట్టుకున్నారని 2014లో అప్పటి కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రి వెంకయ్యనాయుడు రాజ్యసభకు చెప్పారు. చట్టం సంగతి అలా ఉంచితే, ఇంకో నష్టం ఉంది. ఎక్కడో పట్టి తెచ్చిన మగ కొండముచ్చు తాడు తెంచుకుని ఇక్కడి అడవిలో పడితే, దాని జన్యువు ఇక్కడి మందల్లో కలుస్తుంది. ఎన్నో వేల ఏళ్లుగా నిలిచిన హద్దు చరిత్రను ఒక జీపు ప్రయాణం చెరిపేస్తుంది. ఆ తర్వాత ఎంత గొప్ప ప్రయోగశాల వచ్చినా ఇక్కడి కొండముచ్చు అసలు ఎవరి చుట్టమో తేల్చడం కష్టమవుతుంది.

పేరులో ఏముంది, కొండముచ్చు కొండముచ్చే కదా అనేవాళ్లకు ఒక సంగతి గుర్తుచెయ్యాలి. 1960ల మొదట్లో జపాన్ నుంచి వచ్చిన యుకిమారు సుగియామా కర్ణాటకలోని ధార్వాడ్‌లో కొండముచ్చులను గమనిస్తూ, మందను ఆక్రమించిన కొత్త మగది పాత మగదాని పిల్లల్ని చంపడం చూశాడు. 1970ల్లో సారా హర్డీ రాజస్థాన్‌లోని ఆబూ కొండ మీద అదే సంగతిని లోతుగా పరిశీలించి, దాని వెనకున్న సంతాన స్వార్థాన్ని వివరించింది. జంతు ప్రవర్తనా శాస్త్రంలో అదొక పెద్ద మలుపు. ఈ రెంటినీ ఒకే జాతి మీద చేసిన పరిశోధనలుగా పక్కపక్కన పెట్టి పోల్చారు. ఇప్పటి వర్గీకరణ ప్రకారం ధార్వాడ్‌ది హైపోల్యూకస్, ఆబూది ఎంటెల్లస్. రెండు చోట్లా ఒకే ప్రవర్తన కనిపించింది కాబట్టి వాదం కూలిపోలేదు. కానీ మంద పరిమాణమో, ఎన్ని మగవి కలిసి ఉంటాయన్నదో రెండు చోట్లా వేరుగా తేలితే, తేడా ఆవరణానిదా జాతిదా అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. అర్ధశతాబ్దం పాటు పోగైన కొండముచ్చు విజ్ఞానాన్ని ఆ కోణంలో మళ్లీ చదవాల్సి వచ్చింది.

సంరక్షణలోనూ పేరుకు బరువుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం పట్టికలో ఎంటెల్లస్‌కు పెద్ద ప్రమాదం లేదని ఉంది. ప్రియామ్ ప్రమాదపు అంచుకు చేరువలో ఉందని ఉంది. చంబా లోయ ప్రాంతంలోని అజాక్స్‌ను ఆ పట్టిక అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా లెక్కగట్టింది. అది షిస్టేసియస్‌లో కలిసిపోతే ఆ ప్రమాదపు గుర్తు ఏమవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. అశ్వారావుపేట అడవి కొండముచ్చు ప్రియామ్ అయితే దాని అడవికి ఒక విలువ, ఎంటెల్లస్ అయితే ఇంకో విలువ అని కాగితాలు చెబుతాయి. నా మాట వేరు. రెండు జాతులు కలిసే నేల అయితే, ఆ నేల ఆ రెండు పట్టికలకన్నా విలువైనది. అలాంటి చోట అడవి ముక్కలై, పామాయిల్ తోటల నడుమ మందలు ఒంటరి దీవుల్లా మిగిలిపోతే, కలయిక అనేదే ఉండదు. అప్పుడు ఏ నిర్వచనంతోనూ జవాబు దొరకదు.

ఈ ప్రశ్నకు కావలసిన పరిశీలన ఎవరైనా చెయ్యగలిగినది కాబట్టి ఎలా చెయ్యాలో చెబుతాను. చెట్టు మీద కూర్చున్న కొండముచ్చు తోక ఎక్కడైనా కిందికే వేలాడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పరిగెత్తేదాన్నీ, భయపడినదాన్నీ వదిలెయ్యాలి. నేలమీద నాలుగు కాళ్ల మీద నింపాదిగా నడిచే, లేదా నిలబడిన పెద్ద జంతువును పక్కనుంచి చూడాలి. తోక కొస వీపు మీదుగా తలవైపు వస్తోందా, వెనక్కి పోతోందా చూడాలి. నడినెత్తిన జుట్టు కుచ్చుగా లేచి ఉందా, చదునుగా ఉందా చూడాలి. అరచేతుల పైభాగం, పాదాలు నల్లగా ఉన్నాయా, లేతగా ఉన్నాయా రాసుకోవాలి. ఒకే మందలో రెండు తీర్ల తోకలూ కనిపిస్తే మరీ జాగ్రత్తగా నమోదు చెయ్యాలి. ఊరి పేరు, తేదీ, వాగుకు ఏ గట్టున ఉన్నదీ రాయాలి. ఆ చుట్టుపక్కల ఎవరైనా కోతుల కోసం బయటి నుంచి కొండముచ్చును తెచ్చారేమో కూడా అడిగి తెలుసుకోవాలి. డీఎన్ఏ కోసం జంతువును పట్టాల్సిన పని లేదు, అది వదిలిన పెంట చాలు. హిమాలయ కొండముచ్చుల అధ్యయనానికి కావలసిన డీఎన్ఏ అలాంటి పెంట నుంచి కూడా తీశారు. గోదావరి రెండు గట్లనా, కృష్ణ దాకా ఒక్కో అడవి ముక్క నుంచీ తోక తీరూ, దాని పక్కనే తల్లివైపు, తండ్రివైపు జన్యువులూ ఒకేచోట చేరితే, 1797 నుంచి నలుగుతున్న తగువులో తూర్పు వైపు గీత ఎక్కడ పడాలో, అసలు పడాలో వద్దో తేలుతుంది.